తాళం గదికి ఎర్రమ్మ చేసిన పండుగ

ఎర్రమ్మది పాడు నోరని గూడెంలో చాలామంది అంటారు. అననివ్వండి. కడుపున పుట్టిన పిల్లను రెండేళ్ళు తాళం వేసిన తలుపు ముందు కూర్చోబెడితే ఎవరి నోట్లోంచి తేనె కారుతుందో చూద్దాం.

భద్రాచలం దాటాక అడవిలోకి తిరిగే దారిలో ఉంది ఆమె గూడెం. మొగుడు పోతయ్య పోడు భూమిలో జొన్న వేస్తాడు. ఎండాకాలం వస్తే ఎర్రమ్మ ఇప్పపువ్వు ఏరుతుంది, తునికాకు కోస్తుంది. ఒక్కతే కూతురు, శ్యామల. పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం అచ్చం తల్లిదే.

శ్యామల దగ్గర్లోని ఆశ్రమ పాఠశాలలో చదువుతుంది. చదువుతుంది అనడం కూడా తప్పే. మిగతా పిల్లలు పుస్తకం చూసి చదువుతుంటే ఈమె విని బట్టీ పట్టేది. చూపులేని పిల్లలకు పాఠం చెప్పే టీచర్ అరుణశ్రీ వారానికోసారి ఖమ్మం ఖానాపురం హవేలి నుంచి బస్సులో వచ్చేది. కోడిగుడ్ల అట్టలోంచి ఆరు గుంటల ముక్క కత్తిరించి, ఆ గుంటల్లో ఇప్పగింజలు పెట్టించి బ్రెయిలీ చుక్కల అక్షరాలు నేర్పేది. ఏ గుంటలో గింజ ఉందో తడిమి శ్యామల అక్షరం చెప్పేది. అక్షరాలన్నీ వచ్చేశాయి గానీ, చదవడానికి పుస్తకం ఏది?

పుస్తకం లేకపోలేదు. అక్కడే ఉంది ఒళ్ళు మండే సంగతి.

సముద్రాల అవతల ఏదో చలిదేశంలో చూపులేని పిల్లల కోసం పనిచేసే సంఘం ఒకటుంది. అది ఇక్కడి సంఘంతో కలిసి ఈ బడికి కాగితం మీద చుక్కలు కొట్టే మిషన్లు పంపింది, తెలుగు పాఠాలు చుక్కల్లో అచ్చువేయించిన లావుపాటి పుస్తకాలూ పంపింది. ఆటోలో అట్టపెట్టెలు దిగాయి. హెడ్మాస్టర్ కుమారస్వామి వాటిని వరండా చివరి గదిలో పెట్టించి, మిషన్లను బల్లమీద వరసగా పేర్పించి, ఫోటోలు తీసి ఆ సంఘానికి పంపాడు. తర్వాత తాళం వేసి తలుపుకు ఎర్ర రిబ్బన్ కట్టించాడు.

"ఫారిన్ వాళ్ళు వచ్చి ఓపెనింగ్ చెయ్యాలె. అప్పటిదాకా ఒక్కరు గూడ చెయ్యి పెట్టొద్దు" అన్నాడు.

ఇక్కడ ఎర్రమ్మ ఏం చేసిందో వినండి. సరేనంది! ఎందుకంటే ఆమె పుట్టి పెరిగిన పద్ధతే అది. మామిడికాయ పండుగ కాకుండా గూడెంలో ఎవరూ కొత్త కాయ కొరకరు. ముందు వేల్పుకు పెట్టాలి, తర్వాతే మనుషులు. పుస్తకాలకూ అట్లాంటి పండుగేదో ఉంటుంది కాబోలు అనుకుంది. "పండుగ కాలేదు బిడ్డా, జరంత ఓపిక పట్టు" అని కూతురికి తనే నచ్చజెప్పింది.

ఓపెనింగ్ ఒకసారి ఎలక్షన్లని ఆగింది. ఒకసారి ఫారిన్ వాళ్ళతో పాటు రావాల్సిన పెద్దమనిషికి తీరిక లేదని ఆగింది. గోదావరి పొంగిందని ఇంకోసారి ఆగింది. తాళంచెవి ఇమ్మని అరుణశ్రీ అడిగితే, "కాంట్రాక్టు ఉద్యోగమమ్మా నీది, గుర్తుంచుకో" అన్నాడు కుమారస్వామి. ఆమె మళ్ళీ కోడిగుడ్ల అట్టే ముందేసుకుంది. రిబ్బన్ వెలిసి తెల్లబడింది.

రెండో ఏడు మామిడికాయ పండుగ వచ్చింది. పూజారి భీమయ్య, పోతయ్యకు సొంత అన్న, వేల్పుకు తొలికాయ పెట్టి అందరికీ ముక్కలు పంచాడు. ఆ మరునాడే బడి దగ్గర అరుణశ్రీ ఎర్రమ్మను పక్కకు పిలిచింది.

"పట్నంల చూపులేని పిల్లల బడి ఉంది ఎర్రమ్మా. జూన్‌లో పరీక్ష పెడతరు. చుక్కలు వేళ్ళతో చదవగలిగితేనే సీటు. లేకుంటే ఇక్కడ గూడ పైక్లాసుకు ఉంచుకోం, ఇంటికి తీస్కపొమ్మంటున్నడు సారు. శ్యామల గింజలు గుర్తుపడతది గానీ, కాయితం మీది చుక్కల్ని ఇంకా ముట్టనే లేదు."

ఎర్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మామిడికాయ పండుగ కాయ కుళ్ళేదాకా ఆగుతుందా? ఏ వేల్పయినా పిల్లల నోటి దగ్గర కాయను రెండేళ్ళు ఆపిందా? మా పద్ధతిని అడ్డం పెట్టుకుని నన్ను నేనే మోసం చేసుకున్నానా అని తననూ తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఇంటికి పోయి, పక్కింట్లో పడుకున్న భీమయ్యను లేపింది.

"బావా, లే. కోడిని పట్టుకో. బడికాడ పండుగుంది."

"ఏం పండుగే?"

"పుస్తకాల పండుగ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంట, విన్నవా?"

"పూజారుల్ని అనకు. నేనెప్పుడు ఆపిన?" అంటూనే భీమయ్య కోడిని చంకన పెట్టుకున్నాడు.

వరండా చివరి గది ముందు ఎర్రమ్మ పేడతో అలికింది, బియ్యం పోసింది, పసుపు చల్లింది. పిల్లలంతా భోజనం పళ్ళేలు పట్టుకుని చుట్టూ మూగారు. కుమారస్వామి పరుగున వచ్చాడు.

"ఏంది ఈ లొల్లి? ఇది బడి అనుకున్నవా, జాతర అనుకున్నవా?"

"ఓపెనింగ్ సారూ. నీ పండుగ రాకపాయె, నా పండుగ నేను జేస్తున్న. తాళం తియ్యి."

"ఫారిన్ వాళ్ళకు తెలిస్తే నా నౌకరి పోతది!"

ఎర్రమ్మ శ్యామల చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అతని ఎదుట నిలబెట్టింది.

"దీని కండ్లు దేవుడు ఒక్కసారి తీసిండు. నీ నౌకరి కోసం నువ్వు రెండోసారి తీస్తవా?"

కుమారస్వామి తాళంచెవి ఉన్న జేబును అరచేత్తో కప్పుకున్నాడు. ఈలోగా భీమయ్య కోడిని కోసేశాడు. "కోడి తెగినంక తలుపు తియ్యకపోతే వేల్పు ఊకోదు సారూ. మా జిమ్మేదారి కాదు" అని చల్లగా అన్నాడు. కుమారస్వామిది వైరా దగ్గర మైదానపు ఊరు. అడవి దేవుళ్ళను నమ్మడు గానీ, భయపడతాడు. చెవి తీసి ఇచ్చాడు. రిబ్బన్‌ను ఎర్రమ్మ కొడవలితో తెంపింది. తాళం కప్పను బొడ్లో దోపుకుంది.

లోపల కింది పెట్టెలు చెదలు తినేశాయి. పై పెట్టెలో పుస్తకాలు మాత్రం మిగిలాయి. అరుణశ్రీ ఒకటి తెరిచి శ్యామల వేళ్ళను మొదటి వరస మీద పెట్టింది. పిల్ల తడిమింది. మళ్ళీ తడిమింది. ముఖం ఎర్రబడింది.

"అమ్మా, ఇవి గసగసాల తీరుగున్నయ్. ఒక్కటి గూడ తెలుస్తలేదు" అని పుస్తకాన్ని తోసేసి ఏడ్చింది.

ఎర్రమ్మ కుమారస్వామి వైపు చూసిన చూపుకు పచ్చిగడ్డి వేసినా భగ్గుమనేది. ఆ జూన్ పరీక్షకు శ్యామల వెళ్ళింది, తప్పింది. ఇంటికి పంపుతామన్నారు. "పంపు చూద్దాం" అని ఎర్రమ్మ బడి గేటు ముందు మోదుగాకుల విస్తళ్ళు కుట్టుకుంటూ కూర్చుంది. పంపలేదు.

వానలు తగ్గాక చలిదేశపు మనిషి నిజంగానే వచ్చింది. కుమారస్వామి సిగ్గులేకుండా మళ్ళీ రిబ్బన్ కట్టించాడు. తీరా చూస్తే ఆమెకూ చూపు లేదు! చేతిలో తెల్లకర్రతో నడిచొచ్చి పొట్టకు రిబ్బన్ తగిలి ఆగిపోయింది. ఇదేమిటని అడిగింది. భయం భయంగానే అయినా అరుణశ్రీ ఇంగ్లీషులో అంతా చెప్పేసింది. ఆమె మాటల్ని మళ్ళీ తెలుగులో చెప్పింది.

"సామాను చేరిన రోజే పిల్లల చేతికివ్వమని రాశాంగదా అంటున్నది. ఓపెనింగ్ కావాలని వాళ్ళెప్పుడూ అడగలేదంట."

కుమారస్వామి గబగబా రిబ్బన్ విప్పసాగాడు. ఎర్రమ్మ ఇక్కడితో చల్లబడుతుందని అందరూ అనుకున్నారు. ఎందుకు చల్లబడాలి? చలిదేశపు మనిషి వైపు తిరిగింది.

"మరి రెండేండ్లు నువ్వేం జేసినవమ్మా? ఒక్క పిల్లతోనన్న మాట్లాడినవా? చెప్పు మేడం, ఉన్నదున్నట్టు చెప్పు."

అరుణశ్రీ చెప్పింది. ఆ మనిషి కర్రను గోడకు ఆనించి జవాబిచ్చింది, దాన్నీ అరుణశ్రీ తెలుగులో పెట్టింది.

"ఫోటోలు వచ్చినయంట. మిషన్లు బాగున్నయని వాళ్ళ ఆఫీసోళ్ళు చెప్పిన్రంట."

"ఫోటోల పిల్లలున్నరా?"

"అడగలేదంట. తప్పే అంటున్నది."

తప్పని ఒప్పుకున్న మనిషిని ఎర్రమ్మ ఇంక తిట్టలేదు. ఆ తెల్లకర్ర మనిషి శ్యామల పక్కన నేలమీదే కూర్చుని, పిల్ల వేలిని తన వేలితో పట్టి, నొక్కకుండా ఎట్లా జరపాలో చూపించింది. ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేస్తుంది. అరుణశ్రీ మధ్యలో ఉండి మాట కలుపుతుంది. శ్యామల ఇప్పుడు ఒక పేజీ చదవగలదు, మెల్లగా, తప్పు పోయినచోట తనను తాను తిట్టుకుంటూ. వచ్చే జూన్‌లో మళ్ళీ పరీక్ష రాస్తుంది.

తాళం కప్ప మాత్రం ఎర్రమ్మ ఇంటి చూరుకే వేలాడుతోంది. మొన్న దానికోసం బడి నుంచి వాచ్‌మన్ బద్యా వచ్చాడు.

"మాట్లాడే కంప్యూటర్లు వచ్చినయ్ అక్కా. ఈసారి ఇంకో దేశపోళ్ళు ఇచ్చిన్రంట. ఓపెనింగ్ అయ్యేదాకా గదికి తాళం కావాల్నంట సారుకు."

జొన్నలు చెరుగుతున్న ఎర్రమ్మ చేట పక్కన పెట్టింది. లేచి కొంగు నడుముకు బిగించింది. పక్కింటి వైపు తిరిగి గొంతెత్తింది.

"బావా! కోడిని పట్టు!"