ఆవిరి పట్టిన కళ్లద్దాలు

కరోనా తగ్గుముఖం పట్టి, మాస్కులు మాత్రం ఇంకా వదలని ఏడాది, ఎండలు ముదరక ముందే, నేను వర్గల్ దగ్గరి ఒక పాల ఫ్యాక్టరీలో నర్సుగా చేరాను. అంతకుముందు చాలా ఏళ్లు సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేశాను. మోకాళ్లు అరిగి నిలబడే ఉద్యోగం కష్టమై, కూర్చునే ఉద్యోగం అనుకుని ఇక్కడికి వచ్చాను. గేటు పక్కన ఒక గది, ఒక మంచం, ఒక ఆక్సిజన్ సిలిండరు, సెలైన్ సీసాలు, కట్టు కట్టే సామాను. కాగితాల మీద నేను సిబ్బంది విభాగం కిందికి వస్తాను. ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం నేరుగా ప్లాంటు మేనేజరుకే చెప్పాలి. కార్మికులు నన్ను నర్సమ్మా అని పిలిచేవాళ్లు.

బయట ఊళ్లు ఎర్రగా, పొడిగా ఉండేవి. గేటు దాటి లోపలికి వస్తే అంతా తెలుపు. గోడలకు తెల్ల పలకలు, మనుషులకు తెల్ల గౌన్లు, తెల్ల టోపీలు, ముఖానికి తెల్ల మాస్కులు. గొట్టాల్లో పాలు పారుతున్న చప్పుడు ఎక్కడో నిద్రలో విన్న వానలా వినబడేది. ట్యాంకులు కడిగే సెక్షన్లో వేడి నీళ్ల ఆవిరి నడుం దాకా, ఒక్కోసారి తల దాకా లేచేది. అందులో నడిచే మనిషి మూడడుగుల దూరంలో కనబడి, నాలుగో అడుగుకు మాయమయ్యేవాడు. కొన్నాళ్ల దాకా నాకది పని జాగాలా అనిపించలేదు. ఎవరో కంటున్న కలలోకి పొరపాటున వచ్చి తిరుగుతున్నట్టుండేది.

పాల ఫ్యాక్టరీలో పాలు నింపడం ఎంత పనో, ఖాళీ అయిన ట్యాంకులు కడగడం అంతకంటే పెద్ద పని. గొట్టాలు, ట్యాంకులు విప్పకుండానే వేడి నీళ్లలో కాస్టిక్ సోడా కలిపి వాటిలో తిప్పుతారు. గోడలకు అంటిన పాల జిడ్డును అది కోసేస్తుంది. ఫ్యాక్టరీకి వచ్చే కాస్టిక్ మాత్రం చాలా చిక్కగా ఉంటుంది. డ్రమ్ములోంచి చిన్న పంపుతో, రబ్బరు గొట్టం ద్వారా, నీళ్ల ట్యాంకులోకి ఎక్కిస్తారు. ట్యాంకు పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం, దాని మీద ఎర్ర గీత. మట్టం ఆ గీతకు చేరగానే పంపు ఆపాలి. ఈ పని చేసే మనిషికి మోకాళ్ల దాకా బూట్లు, రబ్బరు ఏప్రాన్, మోచేతుల దాకా గ్లోవ్స్, కళ్లను చుట్టూ మూసే ప్లాస్టిక్ కళ్లద్దాలు తప్పనిసరి.

కిష్టయ్య ఆ సెక్షన్లో పనిచేసేవాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, తాడులా ఉండేవాడు. ఎర్రవల్లి వైపు ఊరు. తాళ్లెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు గీసే ఇంట్లో పుట్టాడు, తనూ గీశాడు. తమ్ముడి వరస అతనొకడు చెట్టు మీంచి పడి నడుం విరిగి మంచాన పడ్డాక, కిష్టయ్య భార్య బాలమణి పట్టుబట్టి ఇతన్ని చెట్టు దింపించింది. నా గదికి అతను రక్తపోటు చూపించుకోవడానికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా, కింద పని ఉక్కపోతగా ఉంటుందని, పైన గాలి ఉంటుందని ఒకమాట అని పోయేవాడు.

ఆ వేసవిలోనే ఒకరోజు మధ్యాహ్నం, భోజనాల వేళ కావస్తుండగా, సెక్షన్ నుంచి అరుపులు వినబడ్డాయి. నేను సంచీ తీసుకుని పరుగెత్తాను. పంపు నడుస్తుండగా రబ్బరు గొట్టం జాయింటు దగ్గర బిగించిన క్లిప్పు జారింది. చిక్కటి కాస్టిక్ ఎగిరి కిష్టయ్య ముఖం మీద పడింది. బూట్లున్నాయి, ఏప్రానుంది, గ్లోవ్సున్నాయి. కళ్లద్దాలు మాత్రం నుదుటి మీద ఉన్నాయి.

తోటి కార్మికుడు సత్తయ్య అతన్ని రెక్క పట్టుకుని అప్పటికే కళ్లు కడిగే కుళాయి దగ్గరికి తీసుకొచ్చాడు. తలుపు పక్కన గోడకు ఉండే తొట్టి అది. పలక నొక్కితే రెండు సన్నని ధారలు పైకి లేచి సరిగ్గా రెండు కళ్లకూ తగులుతాయి. కిష్టయ్య వంగలేకపోతున్నాడు. రెండు చేతులూ ముఖం మీద అదుముకుని నిలువునా వణుకుతున్నాడు.

నేను ముందు నా చేతులకు గ్లోవ్స్, నా కళ్లకు అద్దాలు వేసుకున్నాను. ఆ కొద్ది క్షణాలు చూసేవాళ్లకు ఆలస్యంగా అనిపిస్తాయి. కానీ ఆదుకోవడానికి వచ్చినవాళ్లు రెండో క్షతగాత్రులు కాకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. తర్వాత అతని మాస్కు లాగేశాను. కాస్టిక్ పీల్చుకున్న మాస్కు ముఖం మీద ఉన్నంతసేపూ చెంపను కాలుస్తూనే ఉంటుంది. మెడ పట్టి తలను ధారల మీదికి వంచి, వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకున్నాను.

కాస్టిక్ గుణం ఒకటి చెప్పాలి. యాసిడ్ పడితే పడ్డచోట కాల్చి అక్కడే చాలావరకు ఆగుతుంది. కాస్టిక్ ఆగదు. కంటి పొరల్లోకి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఆపగలిగేది నీళ్లొక్కటే, అవీ చాలాసేపు. రెప్పలు మూసుకుంటే నీళ్లు లోపలికి పోవు. ఆ మంటలో కళ్లు తెరిచి ఉంచడం మనిషి వల్ల కాదు. ఇంకొకరు పట్టుకోవాల్సిందే.

చుట్టూ జనం మూగారు. ఎవరో స్టీలు మగ్గుతో పాలు పట్టుకొచ్చి, "నర్సమ్మా, పాలు పొయ్యున్రి, సల్లగైతది" అన్నారు. పాల ఫ్యాక్టరీలో పాలకు కొదవ లేదు. వద్దన్నాను. ఇంకొకరు నిమ్మకాయ అన్నారు, కాస్టిక్‌కు విరుగుడు పులుపే కదా అని. గట్టిగా వద్దన్నాను. అప్పుడే ప్లాంటు మేనేజరు వచ్చారు. కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు, ఆ క్షణంలో మాత్రం ముఖం పాలిపోయి ఉంది. "బండి రెడీగా ఉంది సిస్టర్. ముందు హైదరాబాద్ పంపేయండి. ఇక్కడ ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు?" అన్నారు.

"ఇప్పుడు బండెక్కిస్తే హైదరాబాద్ చేరేసరికి కన్నుండదు సార్. నీళ్లు ఆపను. జవాబు నేను చెప్త" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. షిఫ్టు ఇన్‌ఛార్జిని పిలిచి, నీళ్ల ఒత్తిడి తగ్గకుండా చూడమని పంపారు. 

ఆ తర్వాత గడిచిన సమయం నాకు గడియారంలా గుర్తులేదు. నీళ్లు, తెలుపు, నా వేళ్ల మధ్య తడి రెప్పలు, అంతే. కిష్టయ్య తల విదిలిస్తున్నాడు. "అమ్మా, ఇడువు, మండుతుంది. ఏం కనబడ్తలేదు. అంత పాల లెక్కనే ఉంది" అన్నాడు. బలవంతంగా ఎంతసేపు పట్టుకోగలను? దవాఖానలో మత్తు ఎక్కని పేషెంట్లను మాటల్లో పెట్టడం అలవాటు. అదే చేశాను.

"కిష్టయ్యా, చెట్టెక్కినంక ఏం కనబడ్తది? చెప్పు."

"ఇప్పుడదెందుకమ్మా."

"చెప్పు. నేనెన్నడు ఎక్కలేదు గద."

మూలిగాడు. తర్వాత, నీళ్లలోంచి వస్తున్నట్టు, మాట వచ్చింది. "సలికాలం పొద్దుగాల ఎక్కితే కింద భూమే ఉండదమ్మా. అంత మంచే. తాళ్ల కొసలు మాత్రం తేల్తుంటయి, చెరువుల తామరలు తేల్నట్టు."

"పైకి చూడు. కండ్లు పైకి తిప్పు. ఇంకెవరన్న ఉంటరా ఆడ?"

"మా బాపు ఉంటుండె, అవుతల చెట్టు మీద. మనిషి కనబడకపోతుండె. ఆడికెల్లి కూతేస్తె ఈడికెల్లి నేను కూతేస్తుంటి. కింద మా అవ్వ ఏడున్నదో తెలవకపోతుండె గని, పొయ్యి పొగ వాసన మాత్రం పైకొస్తుండె."

"ఇప్పుడు కిందికి చూడు. కల్లు లొట్టి దింపు. మెల్లగ."

అతని కనుగుడ్లు నా వేళ్ల కింద పైకి, కిందికి, పక్కలకు తిరిగాయి. కంటి మూలల్లో, రెప్పల అడుగున దాక్కున్న కాస్టిక్ కడుక్కుపోవాలంటే కన్ను అలా అన్ని వైపులా తిరగాలి. చుట్టూ అరుపులు ఆగిపోయాయి. ఆవిరిలో నిలబడ్డ మనుషులు, తెల్ల టోపీలు, అందరూ ఆ పొగమంచులోని తాళ్లలాగే కనబడ్డారు. అతను చెప్తున్నాడు, నేను అడుగుతున్నాను. సూర్యుడు లేచాక మంచు ఎట్లా చినిగిపోతుందో చెప్పాడు. ముందు గుడిసెల కప్పులు, తర్వాత బాటలు, చివరికి మనుషులు బయటపడతారట. నేను చెట్టు మీద ఉన్నానో నేల మీద ఉన్నానో ఒక నిమిషం నాకే తెలియలేదు.

రంగు మారే కాగితపు పట్టీని కంటి మూలకు తాకించి చూస్తే కాస్టిక్ ఇంకా ఉందో లేదో తెలుస్తుంది. మొదటిసారి ముదురు నీలం వచ్చింది. మళ్లీ కడిగాను. రెండోసారి ఆకుపచ్చ. మళ్లీ కడిగాను. పసుపు వైపు తిరిగాకే నీళ్లు ఆపాను. కాసేపాగి మళ్లీ చూశాను, ఎందుకంటే లోపల దాగింది తిరిగి ఊరుతుంది. రంగు మారలేదు. అప్పుడు బండి ఎక్కించాం. దారిలో కూడా సెలైన్ సీసాలు వేలాడదీసి, ఆ సన్నని గొట్టాలతో రెండు కళ్లలోకీ ధార పోస్తూనే వెళ్లాను. హైదరాబాద్ కంటి దవాఖానలో డాక్టరమ్మ దీపం వేసి చూసి, ఎంతసేపు కడిగారని అడిగింది. చెప్పాను. "అందుకే మిగిలాయి" అని మాత్రం అంది.

ఎడమ కన్ను కొన్ని వారాల్లో తేరుకుంది. కుడి కంటి నల్లగుడ్డు మీద పలచటి పొర మిగిలింది.

ఫ్యాక్టరీలో విచారణ జరిగింది. హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. పద్ధతి తెలిసినవాడే. కళ్లద్దాలు ఇచ్చారా, ఇచ్చారు. శిక్షణ అయిందా, అయింది. అద్దాలు కళ్ల మీద ఉన్నాయా, లేవు. అయితే ఇది కార్మికుడి నిర్లక్ష్యం. అలా తేలితే కిష్టయ్యను తిరిగి పనిలోకి తీసుకునే బాధ్యత కంపెనీ మీద ఉండదని అందరికీ తెలుసు. కిష్టయ్య కుడి కంటికి కట్టుతో, భార్య భుజం పట్టుకుని వచ్చాడు.

"అవు సార్, నేనే అద్దాలు పైకి నూకిన" అన్నాడు. "గీత కనబడలే. గీత దాటితే ట్యాంకు పొర్లుతది. ఏం జెయ్యాలె మరి?"

సేఫ్టీ ఆఫీసరు మర్యాదగానే, చెట్టెక్కేటప్పుడు మోకు లేకుండా ఎక్కేవాడివా అని అడిగాడు. మోకు అంటే కల్లుగీత కార్మికులు నడుం చుట్టూ, చెట్టు చుట్టూ వేసుకునే తాడు.

"మోకు ఏస్కుంటె చెట్టు కనబడకుండ పోదు గద సార్" అన్నాడు కిష్టయ్య.

బాలమణి అప్పటిదాకా మాట్లాడలేదు. "చెట్టు మీద పానం పోతదని నేనే మొత్తుకుని కిందికి దింపిన" అంది. ఆ మాట ఎవరితోనూ కాదు, గోడతో అన్నట్టు అంది. 

నేను మేనేజరు గారిని ఒక్కటే అడిగాను. మనమూ ఒకసారి ఆ జాగాలో నిలబడదాం అన్నాను. ఆయన వెంటనే లేచారు. అందరం సెక్షన్‌కు వెళ్లాం. కాస్టిక్ లేకుండా, వట్టి వేడినీళ్లు ట్యాంకులో నింపించారు. మేనేజరు మాస్కు, టోపీ, ఏప్రాన్, గ్లోవ్స్ వేసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నారు. గాజు గొట్టం ముందు వంగి, మట్టం గీతకు చేరగానే చెప్తానన్నారు.

ఆవిరి లేచింది. మాస్కు పై అంచులోంచి ఆయన ఊపిరి కళ్లద్దాల్లోకి ఎగబాకింది. బయట ఆవిరి, లోపల ఊపిరి. అద్దాలు చూస్తుండగానే తెల్లబడిపోయాయి. ఆయన ఇంకొంచెం వంగారు. తల అటు తిప్పారు, ఇటు తిప్పారు. మట్టం గీత దాటింది, ఆయన చెప్పలేదు. అప్పుడు ఆయన కుడిచెయ్యి లేచింది. ఎవరూ చెప్పకుండా, తనకే తెలియకుండా, అద్దాలను పట్టి నుదుటి మీదికి నెట్టింది.

 ఆయన చెయ్యి అక్కడే, నుదుటి దగ్గరే ఆగిపోయింది. కొద్దిసేపటికి అద్దాలు తీసి సేఫ్టీ ఆఫీసరు చేతికిచ్చారు. అతనూ పెట్టుకుని చూశాడు. అతని చెయ్యి లేవలేదు గానీ, మట్టం ఎక్కడుందో అతనూ చెప్పలేకపోయాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. కార్మికుడి నిర్లక్ష్యం అన్న మాట ఆ రోజుతో పోయింది.

తర్వాత జరిగినవి చిన్నచిన్న పనులే. రబ్బరు గొట్టం తీసేసి స్టీలు పైపు వేశారు. జాయింటు చుట్టూ తొడుగు బిగించారు. మట్టం గీతకు చేరితే పంపు దానంతట అదే ఆగే ఏర్పాటు వచ్చింది. ఆవిరి లాగే ఫ్యాను పెట్టారు. కళ్లద్దాలు నాలుగు రకాలు తెప్పించి, ఆ సెక్షన్ వాళ్లనే ఆవిరిలో పెట్టుకుని చూడమన్నారు. వాళ్లు ఎంచింది ఆవిరి పట్టని రకం, గాలి ఆడినా చుక్క లోపలికి పోనిది. అయినా ఎండాకాలంలో చెమటకు అవీ జారేవి. నుదుటి మీదికి నెట్టేవాళ్లు పూర్తిగా లేకుండా పోలేదు. నేను గది వదిలి సెక్షన్లో తిరగడం అలవాటు చేసుకున్నాను.

కిష్టయ్యను పాల ప్యాకెట్లు బండ్లకెక్కించే చోటికి మార్చారు. కుడి కంటితో చూస్తే ఎట్లుంటుందని ఒకసారి అడిగాను. "సలికాలం పొద్దుగాల లెక్క" అన్నాడు. డబ్బాలు సర్దుకుంటూ పోయాడు.

నేను పదవీ విరమణ చేసేదాకా కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ రెండు విషయాలు చెప్పేదాన్ని. కంట్లో కాస్టిక్‌లాంటి మందు పడితే ముందు నీళ్లు, ఆ తర్వాతే బండి. ఇది నాకు చదువులోనే చెప్పారు. రెండోది ఆ సెక్షన్లో నేర్చుకున్నాను. రక్షణ సామాను పంచినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు. దాన్ని వేసుకుని ఆ పని చెయ్యగలిగినప్పుడే ఇచ్చినట్టు. అందుకని ఎందుకు వేసుకోలేదని మనిషిని నిలదీసేవాళ్లు, అంతకంటే ముందు అదే వేసుకుని, అదే జాగాలో నిలబడి, అదే పని ఒకసారి చేసి చూడాలి.