ఖాళీ గడికి అర్థం మారిన రోజు

1983 వేసవి. నేను పనిచేసే ప్రభుత్వ రంగ సంస్థ కంప్యూటర్ సెంటర్‌లో మా సంస్థ పనులతో పాటు బయటివాళ్ల లెక్కలు కూడా చేసిపెట్టేవాళ్లం. మా ఇల్లు గౌలిపురలో. రోజూ సైకిల్ మీద మూసీ దాటి ఆఫీసుకు వెళ్లేవాణ్ని. నేను ఇంజనీరును కాను. చేత్తో తిప్పే లెక్కల మిషన్ ముందు గుమాస్తాగా చేరి, మాన్యువళ్లు చదువుకుంటూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవాణ్ని. అప్పటికి నాకు నలభై దాటాయి.

బయటి పనుల్లో నాకు బాగా ఇష్టమైంది రహీం భాయ్ దాణా లెక్క. ఆయనకు మొఘల్‌పురా దగ్గర పశువుల దాణా మిల్లు ఉండేది. పల్లి చెక్క, తవుడు, మక్కలు, చెరకు మడ్డి, ఉప్పు, కొంచెం యూరియా కలిపి దాణా తయారు చేస్తారు. ఏది ఎంత కలిపితే బలం తగ్గకుండా ఖర్చు అన్నిటికన్నా తక్కువ అవుతుందో కంప్యూటర్ చెప్పాలి. ఇలాంటి లెక్కను లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. ఆ నెల సరుకుల ధరలు, మనం పెట్టే హద్దులు రంధ్రాలు పొడిచే పంచ్ కార్డుల మీద ఇస్తే, పాళ్లు అది తేల్చి అచ్చువేస్తుంది.

యూరియా అంటే పొలంలో చల్లేదే కదా, బర్రెలకు పెడతారా అని చాలామంది అడుగుతుంటారు. పెడతారు. నెమరువేసే పశువు కడుపులో అది మాంసకృత్తులుగా మారుతుంది. నూరు కిలోల దాణాలో ఒక కిలో వరకు పరవాలేదు. హద్దు మీరితే మాత్రం విషం. పశువు వణుకుతుంది, నురగ కక్కుతుంది, కడుపు ఉబ్బి చూస్తుండగానే పడిపోతుంది. అందుకే రహీం భాయ్ లెక్కలో యూరియా కార్డు మీద 'ఒకటికి మించరాదు' అనే హద్దు ఉండేది.

ఈ లెక్కను మేము మొదటినుంచి రాసుకోలేదు. లైబ్రరీ వాడేవాళ్లం. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలు కావు, ఎవరో నిపుణులు రాసి, పరీక్షించి, టేపు మీద పంపిన ప్రోగ్రాముల కట్ట. ఆ వేసవిలో దానికి కొత్త వెర్షన్ వచ్చింది. పాతదానికన్నా చాలా వేగం. మా సిస్టమ్స్ ఆఫీసర్ శకుంతల మేడమ్ మాన్యువల్లోని నమూనా లెక్కలన్నీ దాని మీద నడిపి చూశారు. లారీల రవాణా లెక్కలు కూడా నడిపారు. అన్నీ సరిపోయాయి. ఆ నెల దాణా లెక్క కొత్త వెర్షన్ మీదే నడిచింది.

మర్నాడు పొద్దున్నే కౌంటర్‌లో షీటు తీసుకున్న రహీం భాయ్ వెళ్తూ వెళ్తూ నా కిటికీ దగ్గర ఆగాడు.

"నర్సింగ్ సాబ్, మీ మిషన్ కమాల్ చేసింది. పోయిన నెల కన్నా మస్తు సస్తా వచ్చింది లెక్క."

"కొత్త వెర్షన్ పెట్టినం భాయ్."

"అయితే ఆ పాతదాన్ని మూసీల పడేయుండ్రి."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేనూ నవ్వాను. కానీ చేతిలో ఉన్న పని మీద మనసు నిలవలేదు. ఆ నెల పల్లి చెక్క ధర పెరిగింది, తవుడు ధర తగ్గలేదు. ఆ కార్డులు చూసినవాణ్ని నేనే. సరుకులు ప్రియమైతే దాణా చవక ఎలా అవుతుంది? కొత్త వెర్షన్ తెలివైనది అనుకుందామంటే అదీ కుదరదు. ఇలాంటి లెక్కలో తక్కువలో తక్కువ అనేది ఒక్కటే ఉంటుంది. కొత్త పద్ధతి అక్కడికి త్వరగా చేరగలదు గానీ దానికన్నా కిందికి దిగలేదు. దిగిందంటే ఏదో ఒక హద్దు తొలగిపోయి ఉండాలి.

భోజనం మాని మా ఆఫీసు కాపీ తీసి చూశాను. పల్లి చెక్క వాటా సగానికి పడిపోయింది. యూరియా ఎదురుగా నాలుగు అని ఉంది. నూటికి నాలుగు కిలోలు. మడ్డికి కూడా అలాంటి హద్దే ఉంది కానీ, ఆ నెల మడ్డి ధర ఎక్కువ కాబట్టి లెక్క దాని జోలికి పోలేదు. చవగ్గా బలం వచ్చేది యూరియాలోనే గనుక దాని మీద పడింది.

షీటు మేడమ్ ముందు పెట్టాను. ఆమె ఒక్క క్షణం చూసి లేచి నిలబడ్డారు.

"మిల్లుకు ఫోన్ ఉందా?"

"లేదండీ."

"అయితే మీరు వెంటనే వెళ్లండి. ఆటోలో వెళ్లండి, సైకిల్ వద్దు. కారణం ఏమిటో నేను ఇక్కడ చూస్తాను."

చార్మినార్ దగ్గర బండ్ల మధ్య ఆటో ఇరుక్కుంటే దిగి నడిచాను. నడిచాను అనడం కన్నా ఉరికాను అనడమే సరి. మిల్లులో దాణా కలపడం అప్పటికే పూర్తయింది. బస్తాలు కుట్టి గోడకు పేర్చి ఉన్నాయి.

"భాయ్, ఒక్క బస్తా కూడ బయటికి పోవద్దు. యూరియా నాలుగు పాళ్లు పడ్డది."

రహీం భాయ్ మొహం పాలిపోయింది. "యా అల్లా. మీ మిషనే చెప్పింది గదా సాబ్."

"చెప్పింది. తప్పు చెప్పింది. బస్తాలన్నీ ఇక్కడ్నే ఉన్నయా?"

"అన్నీ ఉన్నయ్. ఒక్కటి తప్ప. దోపహర్ల, తిండి యాల్లకు, యాదయ్య వచ్చి రిక్షాల ఏసుకపోయిండు."

యాదయ్య మా గల్లీవాడే. తాతల నాటి నుంచి పాడి మీద బతికే ఇల్లు. ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కొట్టంలోని నాలుగు బర్రెల మీద ఆధారపడి ఉంది. సాయంత్రం పాలు పిండేటప్పుడే దాణా పెడతారు. ఆ వేళ కావస్తోంది. రహీం భాయ్ స్కూటర్ తీశాడు, నేను వెనక ఎక్కాను. దారిలో ఒక కొట్టు ముందు ఆపి సిర్కా, అంటే వెనిగర్, సీసాలు రెండు కొని నా చేతిలో పెట్టాడు. యూరియా ఎక్కువైన పశువుకు సిర్కా తాగిస్తారని పశువుల డాక్టర్ ఎప్పుడో ఆయనకు చెప్పాడట.

కొట్టంలో యాదయ్య పెద్ద బర్రె పక్కన కూర్చుని పొదుగు కడుగుతున్నాడు. తొట్లు ఖాళీగా ఉన్నాయి, నాకేసినట్టు.

"యాదన్నా, కొత్త బస్తా ఇప్పినవా?"

"ఇప్పిన. ఏంది తమ్మీ, గట్ల ఉరికొస్తున్నవ్? సేతుల సీసాలేంది?"

"దాణ పెట్టినవా?"

"ఇప్పుడే పెట్టిన. తిన్నయ్ గూడ."

రహీం భాయ్ నా చేతిలోంచి ఒక సీసా లాక్కున్నాడు. నేను అడిగాను.

"కొత్తది ఎంత పెట్టినవన్నా?"

"ఎంత పెడ్తరు? మూడు పాళ్లు పాతది, ఒక్క పాలు కొత్తది. కొత్త బస్తా ఎప్పుడొచ్చినా గంతే. ఒక్కపారి మారిస్తే బర్రె కడుపు ఊకుంటదా? పాతదాంట్ల కలుపుకుంట కలుపుకుంట అలవాటు జెయ్యాలె."

నాకు తెలియకుండానే నోట్లో లెక్క మొదలైంది. పాతది మూడు పాళ్లు, అందులో యూరియా ఒక్కొక్కటి, మొత్తం మూడు. కొత్తది ఒక పాలు, అందులో నాలుగు. కలిపితే ఏడు. నాలుగు పాళ్ల మీద పంచితే ఒకటీ ముప్పావు. హద్దు దాటింది, కానీ నాలుగు కాదు. రెండు కూడా కాదు. పైగా ఈ బర్రెలకు యూరియా దాణా ఏళ్లుగా అలవాటే.

యాదయ్యకు విషయం చెప్పాం. ఆయన లొల్లి చేయలేదు. మిగిలిన బస్తాను కాలితో పక్కకు నెట్టి, ఒక్కో బర్రె దగ్గరికి వెళ్లి చెవులు పట్టుకు చూశాడు, కడుపు మీద చెయ్యి పెట్టి చూశాడు. విషమెక్కితే కాసేపట్లోనే తెలిసిపోతుంది గనుక నేనూ రహీం భాయ్ కదలకుండా నిలబడ్డాం. ఈగ వాలి బర్రె చర్మం జలదరిస్తే మా గుండె ఝల్లుమనేది. ఒకసారి ఎర్ర కొమ్ముల బర్రె తల విదిలిస్తే రహీం భాయ్ సిర్కా సీసా మూత తీసేశాడు.

"సేటూ, సీసా పక్కకు పెట్టు" అన్నాడు యాదయ్య. "మీరిద్దరు గిట్ల కండ్లల్ల కండ్లు పెట్టి సూస్తుంటె దానికి బుగులైతున్నది. పాలు ఇడుస్తలేదు."

మమ్మల్ని వాకిట్లోకి పంపేశాడు. చాలాసేపు లోపలినుంచి పాలు పిండే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. చివరికి చెంబు పట్టుకుని బయటికి వచ్చాడు.

"నాలుగూ పండుకున్నయ్. నెమరేస్తున్నయ్. ఇగ ఫికర్ లేదు, పోయి బువ్వ తినుండ్రి."

నెమరువేసే పశువుకు కడుపులో బాధ లేనట్టే. రహీం భాయ్ రెండు చేతులూ పైకెత్తి మొహం తుడుచుకున్నాడు. నాకు మాత్రం అప్పుడు ఆకలి తెలిసింది.

మర్నాడు నేను వెళ్లేసరికే మేడమ్ కారణం పట్టుకుని ఉన్నారు. ప్రతి హద్దు కార్డులో మొదటి గడి ఆ హద్దు ఏ రకమో చెబుతుంది. 'తగ్గరాదు' అయితే ఒక అక్షరం, 'సమానం' అయితే ఇంకో అక్షరం. 'మించరాదు' అయితే పాత వెర్షన్‌లో గడి ఖాళీగా వదిలేయవచ్చు. పాత మాన్యువల్ అలాగే చెప్పింది, మేమూ అలాగే వదిలేశాం. కొత్త వెర్షన్‌లో ఖాళీ గడికి అర్థం మార్చారు. ఖాళీగా ఉంటే ఆ సరుకు ఎంత పడిందో ఊరికే చూపిస్తుంది, హద్దుగా పట్టించుకోదు. నమూనా లెక్కల్లో అన్ని గడులూ నిండి ఉన్నాయి, మా రవాణా లెక్కల్లో 'మించరాదు' అనేదే లేదు. అందుకే పరీక్షలో ఏమీ బయటపడలేదు.

"కొత్త మాన్యువల్ చివర ఒక్క వాక్యం రాశారండీ" అన్నారు మేడమ్. "రాయడంతో వాళ్ల పని అయిపోయింది. మన పాత కార్డులకు ఆ వాక్యం ఎలా తెలుస్తుంది?"

పాత వెర్షన్ కోసం రాసినవి కొత్తదానిలోనూ అదే అర్థంతో నడవడాన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. పెద్ద మార్పులు చేసేటప్పుడు తయారీదారులు అప్పుడప్పుడు దాన్ని వదులుకుంటారు. అందులో తప్పు లేదు, లేకపోతే ఏదీ బాగుపడదు. కొత్త వెర్షన్ పాత కార్డును చూసి ఆగిపోతే మనకు మేలు చేసినట్టే. ఆగకుండా నడిచి, చక్కగా అచ్చువేసి, మనకు నచ్చే జవాబు ఇస్తేనే భయపడాలి.

అప్పటినుంచి మా సెంటర్‌లో ఏ లైబ్రరీ మారినా పాత టేపు తీసేయలేదు. ఒకే కార్డులు రెండింటి మీదా నడిపి, మొత్తం ఒక్కటే కాక ప్రతి వరుసా పోల్చేవాళ్లం. పనులన్నీ ఒకేసారి మార్చకుండా ఒక్కొక్కటిగా కొత్తదాని మీదికి తెచ్చేవాళ్లం. ఈ పద్ధతి ఏ మాన్యువల్లో చదివారని కొత్తగా చేరినవాళ్లు అడిగేవారు. గౌలిపుర కొట్టంలో నేర్చుకున్నానంటే నమ్మేవారు కాదు.

మరుసటి నెల రహీం భాయ్ షీటు తీసుకుని, కౌంటర్ దగ్గరే నిలబడి ముందు యూరియా వరుస మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత కింద ఖర్చు చూశాడు.

"ఈసారి సస్తా లేదు గదా, సాబ్?"

"లేదు భాయ్. ఎక్కువే అయింది."

"అల్లాకు షుకర్" అని షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.