గాలి వేసిన గడియ

నా చిన్నప్పుడు మేం దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మొదటి అంతస్తు, రెండు గదులు. వెనక గది కిటికీకి దగ్గరగా ఒక వేపచెట్టు. ఆ గదిలో మా బాబాయి ఉండేవాడు. మా నాన్నకి ఆఖరి తమ్ముడు, సివిల్స్‌కి చదువుకోవడానికి ఊరి నుంచి మా దగ్గరికి వచ్చాడు. చలికాలం సెలవులిస్తే నేను రోజంతా ఆ గది వదిలేదాన్ని కాదు. ఇంట్లో ఉన్న ఒక్క హీటరూ అక్కడే ఉండేది, ఉడుత వచ్చేదీ ఆ కిటికీకే.

మా బాబాయి రోజూ వేయించిన వేరుశనక్కాయలు పొట్లం కట్టించుకుని తెచ్చేవాడు. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో కాయలు. నాలుగు పప్పులు మాత్రం తప్పకుండా కిటికీ గట్టు మీద పెట్టేవాడు. కాసేపటికి వేపకొమ్మ ఊగేది. ఉడుత ఊచల మధ్య నుంచి దూరి, పప్పుని రెండు చేతుల్తో పట్టుకుని, మా వంక అనుమానంగా చూస్తూ కొరుక్కుతినేది. నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

గొడవంతా దాని చారల దగ్గర వచ్చింది. దేవుడు మూడు వేళ్లతో నిమిరాడు కాబట్టి ఉడుత వీపు మీద మూడు చారలుంటాయని మా అమ్మ చెప్పింది. నాకేమో అయిదు కనిపించాయి. ఆ మాటే అంటే అమ్మ బాబాయి ముందే నవ్వి, "లెక్కల్లో నీ మార్కులు చూశాంలే" అంది. నాకు తొమ్మిదేళ్లు. ఆ నవ్వుకి ఒళ్లు మండిపోయింది. మర్నాడు మళ్లీ లెక్కపెడదామని కూర్చున్నాను, కానీ అది ఒక్క క్షణం కుదురుగా ఉంటేగా! దాన్ని గదిలో పెట్టి తలుపులు వేసి తీరిగ్గా లెక్కపెట్టాలని, వీలైతే అమ్మని పిలిచి చూపించాలని నిర్ణయించుకున్నాను. నాది చిన్నప్పటి నుంచీ మొండి ఘటమే.

ఆ మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. అమ్మ కింద పచ్చిక మీద ఎండలో ఆంటీలతో కూర్చుని స్వెటర్ అల్లుకుంటోంది. బాబాయి ఎండబెట్టిన దూది రజాయి తేవడానికి, ఒక్క నిమిషమని డాబా మీదికి వెళ్లాడు. నేను గది తలుపు వేసి, గట్టు మీద ఒక పప్పు, బల్ల మీద ఒకటి, నేల మీద రెండు పెట్టి కిటికీ పక్కన గోడకి అతుక్కుని నిలబడ్డాను. ఉడుత వచ్చింది. బల్ల మీదికి దూకింది. నేల మీదికి దిగింది. నేను రెక్కలు రెండూ ధడాలున మూసి గడియ పెట్టేశాను.

ఆ తర్వాత గదంతా అల్లకల్లోలం. అది గోడలెక్కింది, పుస్తకాల మీదుగా పరిగెత్తింది, కిటికీ అద్దానికి తల కొట్టుకుని కింద పడింది. మళ్లీ లేచి అద్దానికే కొట్టుకుంది. ఎర్రగా కాలుతున్న హీటరు తీగలకి జానెడు దూరంలో పడిందొకసారి. చారలు లెక్కపెట్టడం మాట దేవుడెరుగు, నేను గోడకే అతుక్కుపోయాను. చివరికి అది ఇనుప ట్రంకుపెట్టె వెనక దూరింది.

అప్పుడు బాబాయి రజాయితో వచ్చాడు. చిందరవందరగా పడున్న కాగితాలు చూశాడు, పెట్టె వెనక తోక చూశాడు. ముందు హీటరు ఆపేసి, "కిటికీ ఎవరు మూశారు?" అన్నాడు.

"గాలికి పడిపోయింది బాబాయ్."

ఆయన అద్దంలోంచి వేపచెట్టు వంక చూశాడు. ఒక్క ఆకు కదలడం లేదు. తర్వాత గడియ వంక చూశాడు.

"అచ్ఛా! గాలికి చేతులు కూడా ఉన్నాయన్నమాట. సరే, గాలి వేసిన గడియని గాలే వచ్చి తీస్తుంది. కూర్చుందాం."

నిజంగానే మంచం మీద కూర్చున్నాడు. నేనెక్కడ నిలబడ్డానో అక్కడే ఉండిపోయాను. పెట్టె వెనక ఉడుత డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది చచ్చిపోతుందని నాకు తెలుస్తోంది. ఆయనేమో కదలడు. కానీ రజాయిని రెండు చేతుల్తో ఎంత గట్టిగా పట్టుకున్నాడో నాకు బాగా గుర్తు. ఆయన ప్రాణం కూడా కొట్టుకుపోతోందని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు. అంతా కలిపి నిమిషం కూడా అయ్యుండదు.

"నేనే వేశాను" అన్నాను ఏడుస్తూ.

"అయితే నువ్వే తియ్యి. మెల్లిగా."

తీశాను. అది మాత్రం బయటికి రాలేదు. బాబాయి నన్ను తలుపు దగ్గర గోడ వారకి తీసుకెళ్లి, ఇద్దరికీ రజాయి కప్పి, వేలు పెదవుల మీద పెట్టాడు. ఆ ముక్కు పగిలే చలిలో, బార్లా తెరిచిన కిటికీ ముందు ఎంతసేపు కూర్చున్నామో! ఎండ గోడ మీంచి పైకి పాకిపోయింది. కుళాయి నీళ్లొచ్చే వేళకి అమ్మ పైకి వస్తుంది, వస్తూనే తలుపు ధన్‌మని తీస్తుంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపించనే వినిపించింది. నేను బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

పెట్టె వెనక నుంచి ముందు మీసాలు కనిపించాయి, తర్వాత తల. ఉడుత ఒక కాలు కొంచెం ఈడుస్తూ బల్లెక్కింది, గట్టెక్కింది. అక్కడ ఆగి, మాకు వీపు తిప్పి, రెండు క్షణాలు కూర్చుంది. తర్వాత కొమ్మ మీదికి దూకి వెళ్లిపోయింది. బాబాయి నా వైపు తిరిగి అయిదు వేళ్లూ చాపి చూపించాడు.

"ఇంత చలిలో కిటికీ తీసుకు కూర్చున్నారేంటి?" అంది అమ్మ లోపలికి వస్తూనే. బాబాయి నా వంక చూశాడు. జరిగిందంతా చెప్పాను. తిట్లు బాగానే పడ్డాయి. తిట్టి తిట్టి అమ్మ అలిసిపోయాక బాబాయే కల్పించుకుని, "చారలు మాత్రం అయిదే వదినా. ఇక్కడి చలికి దేవుడు చెయ్యంతా ఆనించి నిమిరుంటాడు" అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

ఎనిమిది రోజులు ఉడుత జాడ లేదు. రోజూ పప్పులు పెట్టి తలుపు దగ్గరే కూర్చునేదాన్ని. తొమ్మిదో రోజు కొమ్మ ఊగింది. వచ్చింది గాని, గట్టు దాటి ఆ చలికాలమంతా లోపలికి అడుగుపెట్టలేదు. నేనూ తలుపు దగ్గర నుంచి లేవలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి, ఇదే ఊళ్లో జనక్‌పురిలో ఉంటున్నాను. ఈ వయసులోనూ ఏదైనా పొరపాటు చేస్తే ముందు నోటిదాకా వచ్చేది గాలి మీద నేరమే. వెంటనే ట్రంకుపెట్టె వెనక ఎగిరెగిరి పడిన ఆ డొక్కలు కళ్ల ముందు కదులుతాయి. నా నోరు తెరుచుకోవడం కోసం లోపల ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నారనిపిస్తుంది. ఇక ఆలస్యం చేయను. నేనే వేశానని చెప్పేస్తాను.