పాత లిఫ్టులకు మినహాయింపు

ఇంట్లో అందరూ ఆమెను ఇంజనీరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది అన్నయ్యే. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. చెల్లెలి చదువంతా ఆ గ్రీజు చేతుల కష్టం మీదే సాగింది. చదువు కాగానే ఆమె ఒక పరికరం తయారుచేసింది. లిఫ్టు కింది గుంతలో మనిషి ఉంటే అది లిఫ్టును కదలనివ్వదు. భేషుగ్గా పనిచేసింది గానీ కొనే నాథుడు లేడు. చట్టం అడగనిదాన్ని ఎవరు కొంటారు?

అందుకే ఆమె స్క్రూడ్రైవరు పక్కనపెట్టి, సాంకేతిక విధానాలు రాసే ప్రభుత్వ కార్యాలయంలో చేరింది. అక్కడ యంత్రాలకన్నా మనుషులే ఎక్కువ మొరాయించేవారు. ముసాయిదా పట్టుకుని గది గదికీ చెప్పులరిగేలా తిరిగింది. ఏళ్లు గడిచి అది కొలిక్కి వచ్చేసరికి భవన యజమానులు గగ్గోలు పెట్టారు. పై అధికారి ఆ ఆఫీసుకు బాగా అలవాటైన విద్య బయటికి తీశాడు: కొత్త లిఫ్టులకు తప్పనిసరి, ఉన్నవాటికి మినహాయింపు. ఒప్పుకుంటే రేపే సంతకం, లేదంటే ఫైలు అటకెక్కుతుందన్నాడు. అక్కడ ప్రతి నిబంధనా అలాగే గట్టెక్కేది.

ఆమెకు మనసొప్పలేదు. అన్నయ్య రోజూ దిగేవి పాత గుంతలే. ఆ సాయంత్రం వెళ్లి అతన్నే అడిగింది.

"గుడ్డికన్నా మెల్ల నయం కదే, కానివ్వు" అన్నాడతను. "పాతవాటి సంగతి నేను చూసుకుంటాలే."

ఆమె ఒప్పుకుంది. నిబంధన వచ్చింది, ఆమెకు పేరూ వచ్చింది. మరుసటి ఏడు ఒక పాత భవనంలో అన్నయ్య గుంతలో ఉండగా, పైనెవరో తెలియక కరెంటు వేశారు. లిఫ్టు కిందికి దిగింది.

కరువుతీరా ఏడవడానికైనా వ్యవధి దొరకలేదు. పాత లిఫ్టులనూ కలపడానికి ఇంతకన్నా మంచి అదను రాదన్నాడు పై అధికారి, మర్యాదగానే. సవరణ ఆమే రాసింది. అందులో అన్నయ్య "ఇటీవలి ప్రమాదం" అయ్యాడు.

"ఇప్పుడైతే అన్నిటికీ పెడతారా?" అని అడిగింది వదిన.

"పెడతారు వదినా."

వదిన లేచి వంటింట్లోకి వెళ్లింది. నాలుగు తిట్టినా బాగుండేది.

సమావేశంలో ఆమె ఒక్కొక్కరి ముఖమే చూస్తూ కూర్చుంది. ఎవరు అడ్డు చెప్పినా ఈసారి మెడ తెగినా తగ్గకూడదనుకుంది. ఒక్క గొంతూ లేవలేదు. యజమానుల తరఫున వచ్చినాయన కూడా తలూపాడు. టీ రాకముందే అయిపోయింది. ఇంత తేలికా అనుకుని, అందరి ముందే ఆమె బావురుమంది.