ఒక్క గుప్పిట్లో రెండు రకాల బియ్యం

నానక్‌రామ్‌గూడ అద్దాల బిల్డింగుల్లో పనిచేసేవాళ్లకు మా కోడలు మధ్యాహ్నం భోజనం డబ్బాలు కట్టి పంపుతుంది. ఆమెది అనంతపురం వైపు. వంట ఆమె పని, బియ్యం ఎంచడం నా పని. కొత్త బియ్యం పాలలా ఉంటుంది, పాతదానికి పసుపు ఛాయ వస్తుంది. అరచేతిలో పోసుకుని చూస్తే చాలు నాకు. అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను గానీ, ఈ చదువు చిన్నప్పుడే అయింది.

ఈ ఏడు అన్నం ముద్దవడం మొదలైంది. డబ్బాలు సగం తిని వెనక్కి వచ్చాయి. కొందరు మానేశారు.

"అత్తా, ఇట్లయితే పొయ్యి ఆర్పుకోవాల్సిందే," అంది కోడలు.

"నీళ్లు ఎక్కువ పోస్తున్నవ్. బియ్యం నేను చూసి తెచ్చిన."

"తగ్గిచ్చి తగ్గిచ్చి, రేపు నీళ్లు లేకుండా ఉత్త కుక్కరే పెడతా!"

అంతలో నా కుడికంటికి శుక్లం తీశారు. శుక్లమంటే అక్షరాలు మసకేస్తాయనుకున్నాను, అంతే. కన్ను కుదుటపడ్డాక చందానగర్‌లో ఎప్పటి దుకాణానికే వెళ్లి, ఎప్పటి బియ్యమే చేతిలో పోసుకున్నాను. తెల్లగా మెరిసింది.

"పాతయి అడిగితే కొత్తయి ఇస్తవేంది?"

"నువ్వు రోజూ ఏరుకపోయేటివి ఇవే గదమ్మా! నేను చెప్తే ఎన్నడన్న ఇన్నవా?"

ఎండకు కొత్త కన్ను చెమర్చింది. మూసుకున్నాను. చేతిలో బియ్యం పసుపెక్కింది! తెరిచి రెండోది మూశాను. పాలు. మళ్లీ పసుపు. గుప్పిట్లో గింజ కదల్లేదు. దుకాణంలో నిలబడి పిచ్చిదానిలా కళ్లు మారుస్తూ ఉండిపోయాను. నేర్చుకున్నది తప్పు కాదు. పసుపంటే పాతదే. కానీ ఆ పసుపు బియ్యంలో లేదు, నా కంట్లో ఉంది. ఇన్నాళ్లూ నా కంటి రంగునే చూసి, బియ్యానికి వయసు కట్టాను. ఇంకా వేటికి, ఎవరికి ఇలాగే కట్టానో!

ఇంకో సంచిలోంచి కొత్త కంటితో ఎంచి, పంటికింద వేసి చూసి తెచ్చాను. కోడలు వండి మూత తీసింది. మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. ఆమె గరిటెతో డబ్బాలు నింపుతూ నేను చెప్పిందంతా విని నవ్వింది.

"రేపట్నించి ఆ పాత కన్ను మూసుకోని పో అత్తా, దుకాణానికి."