అమ్మమ్మ బండి నేర్చుకున్న వేసవి

మా అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో తాతయ్యతో కలిసి కృష్ణా జిల్లా నుంచి బూర్గంపాడు దగ్గరి పల్లెకు వచ్చింది. ఇక్కడ భూమి చవకని వచ్చారు. కొన్నాళ్లకే తాతయ్య పోయాడు. పుట్టింటివాళ్లు రమ్మన్నా ఆమె వెళ్లలేదు. గేదెల్ని మేపి, పాలు పోసి పిల్లల్ని పెంచింది. మొదట్లో ఆమె కృష్ణా యాస వింటే ఊళ్లో నవ్వేవారట. నాకు ఊహ తెలిసేసరికి ‘అండీ’నీ ‘జల్దీ’నీ కలిపి మాట్లాడేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో మామయ్య పాత మోపెడ్ కొనుక్కొచ్చాడు. నేను సెలవులకు అక్కడే ఉన్నాను. అమ్మమ్మ బండి చుట్టూ తిరిగి చూసింది.

“నాకు నేర్పరా.”

“నీకెందుకమ్మా? పాలు నేను పోసొస్త గద!”

“నువ్వు లేచేసరికి అవి పెరుగైపోతాయి.”

మర్నాడే కోసిన వరిమడిలో పాఠం మొదలైంది. అమ్మమ్మ కుచ్చిళ్లు పైకి దోపుకుని బండెక్కి, ఒక్కసారిగా రేజ్ ఇచ్చింది. బండి తిన్నగా గడ్డివాములోకి దూరింది. నేను కేకలు వేసుకుంటూ పరుగెత్తాను. అమ్మమ్మ తలనిండా గడ్డితో లేచి కూర్చుని, పడీపడీ నవ్వుతోంది!

“గీ వయసుల గిదేం పని?” అని పక్కింటామె గట్టుమీంచి అరిచింది.

“ఈ వయసులో నడవలేకే కదా!” అంది అమ్మమ్మ, మళ్లీ బండి లేపుతూ.

వారం తిరక్కుండానే పాలక్యాన్లు రెండు వైపులా కట్టి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని బూర్గంపాడు బయలుదేరింది. ఎత్తు దగ్గర బండి మూలిగింది.

“దిగి తొయ్యవే, జల్దీ!”

తోసి, పరుగెత్తి ఎక్కాను.

బూర్గంపాడులో అమ్మమ్మ పాలు పోసే హోటలాయన ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నాడు. “ఏందమ్మా, ఇంత జల్ది? బస్సుల వచ్చినవా?”

“కాదండీ, నేనే తోలుకొచ్చా.”

ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి బండినీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. లోపలున్నవాళ్లనూ పిలిచాడు. అన్నేళ్లుగా అక్కడ పాలు పోస్తున్నా, అమ్మమ్మ ఎప్పుడూ కూర్చునేది కాదు, మళ్లీ ఇంటిదాకా నడిచి వెళ్లాలిగా! ఆరోజు బెంచీమీద దర్జాగా కూర్చుని టీ తాగింది.

తిరుగు ప్రయాణంలో ఊరి దారి పట్టకుండా గోదావరి వైపు తిప్పింది.

“అటేం పనుంది అమ్మమ్మా?”

“ఏం లేదే. ఊరికే పోదాం.”

పనిలేకుండా అమ్మమ్మ ఎక్కడికైనా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె నడుము గట్టిగా పట్టుకుని, “ఇంకా స్పీడుగా!” అని అరిచాను.