పదమూడు చెప్పిన దీపం

మొన్న మా అమ్మాయి కార్ తనంతట తానే ఫోన్‌కి మెసేజ్ పంపింది, ఇంజన్‌లో లోపం ఉంది, సర్వీస్ బుక్ చేయమంటావా అని. మా అమ్మాయి ఓకే నొక్కి ఫోన్ పక్కన పడేసి పప్పుకి తాలింపు పెట్టుకుంది. లోపం ఏమిటని కూడా చూడలేదు. నాకెందుకో ఉసూరుమనిపించింది. కార్‌కి జబ్బు చేస్తే పదిమందీ వాకిట్లో చేరే రోజులు చూసినదాన్ని మరి.

ఎనభైల్లో మేం అమెరికాలో, కార్ల కంపెనీల మధ్య ఉన్న ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అక్కడి మనవాళ్ళలో కార్‌లో ఒక్కో ముక్కకి ఒక్కో ఇంజనీరు. ఒకాయన బ్రేకులు, ఒకాయన కార్బురేటర్, మా వెనకవీధి అన్నయ్య ఆక్సిజన్ సెన్సార్. పొగగొట్టంలో కూర్చుని, ఇంజన్ తాగే పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో వాసన చూసి చెప్పే చిన్న బుడిపె అది. సొంత అన్నయ్య కాదు, పిలుపు వరసే. ఆ బుడిపె గురించి మాత్రం కన్నకూతుర్ని పొగిడినట్టు పొగిడేవాడు.

అప్పటికి కొన్నేళ్ళుగా నేను ఇంట్లో కూర్చుని మంచు కురవడం, కరగడం చూస్తున్నాను. కెమిస్ట్రీ చదువు అటకెక్కింది. చివరికి ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, సోమవారం పొద్దున్నే చేరాలి. మావారు స్నేహితుడితో వెళ్తానని ఉన్న ఒక్క కారూ నాకిచ్చారు. తీరా శనివారం డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కార్ దగ్గి దగ్గి ఆరిపోతోంది. "ఈ కార్‌లో నిన్నొక్కదాన్నీ హైవే మీదకి పంపలేను. వారం ఆగమని అడుగు," అన్నారు మావారు. ఆగమంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. మేపుల్ ఆకులు తొందరేమీ లేనట్టు ఒక్కొక్కటే రాలుతున్నాయి. పేపర్ క్లిప్ వంచి, స్టీరింగ్ కిందున్న ప్లగ్‌లో రెండు కన్నాలు కలిపితే, ఆ దీపమే మిణుకుతూ రోగం నంబర్ చెప్పేది. మిణుకులు లెక్కపెట్టే పని నాది. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, మూడుసార్లు. "పదమూడు!" అని అరిచాను. అందరూ అన్నయ్య వైపు తిరిగారు. పదమూడంటే ఆక్సిజన్ సెన్సార్.

"మా సెన్సార్ పోదు, ఛాన్సే లేదు. కార్బురేటర్ చెక్ చేయండి," అన్నాడు అన్నయ్య.

"నిన్ననే కదండీ క్లీన్ చేశా!" కార్బురేటరాయన ముఖం ముడుచుకున్నాడు.

పకోడీలు అయిపోయాయి గానీ వాదన తెగలేదు. ఆదివారం కాబట్టి కొత్తది కొందామన్నా దొరకదు. అందరూ వెళ్ళాక నేను కార్‌లోనే కూర్చుని ఆ దీపం వంకే చూస్తూ ఉండిపోయాను. వెలగడం, ఆరడం, వెలగడం. చూస్తుంటే నిద్రో మెలకువో తెలియని మత్తు, దాని అడుగున ఏడుపు.

సోమవారం తెల్లవారుతుండగా వాకిట్లో చప్పుడైంది. చూస్తే పొగమంచులో రెండు కార్లు ఎదురెదురుగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మధ్యలో అన్నయ్య, చేతికి తడిగుడ్డ చుట్టుకుని.

"ఏం లేదమ్మా, వైర్ లూజైంది, టైట్ చేశాను. సెన్సార్ బంగారంలా ఉంది. వెళ్ళిరా."

కాఫీ తాగమన్నా ఆగలేదు. దారంతా దీపం వెలగలేదు, కార్ దగ్గలేదు. ఆ తెల్లటి పొగమంచులో రోడ్డు కనిపించినంత మేర నాదే అనిపించింది.

సాయంత్రం అన్నయ్య భార్య ఫోన్ చేసింది. "జాబ్ ఎలా ఉందమ్మా? అన్నట్టు, నిన్నటిదాకా లేని పసుపు లైట్ ఇవాళ మా కార్‌లో వెలుగుతోంది. మీ అన్నయ్య చెయ్యి కూడా కాల్చుకొచ్చారు. ఏమైందంటే చెప్పరు."

నా కళ్ళు నిండిపోయాయి. సెన్సార్ పోయిందని ఒప్పుకోలేక, తన కార్‌లోది తీసి నాకు బిగించి, మాది తాను తగిలించుకుని, ఆ సెన్సార్లు తయారుచేసే ఆఫీస్‌కే దగ్గుతూ ఆగుతూ వెళ్ళాడన్నమాట. నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయేదాకా వైరే లూజైందని నమ్మినట్టే ఉన్నాను. అదే ల్యాబ్‌లో రిటైరయ్యాను కూడా. గడిచిన ఏళ్ళు ఎన్నో లెక్కపెడితే తెలుస్తుంది గానీ, ఆ పొద్దు మాత్రం నాకు ఇంకా తెల్లవారుతూనే ఉంది.